పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోనే పోతుందా?

ఈ వారం ఎపిసోడ్‌కి తోడుగా రాస్తున్న వ్యాసం ఇది. ఆడియోలో టైం సరిపోక వదిలేసిన పేర్లు, తేదీలు ఇక్కడ పెట్టాను. ఎపిసోడ్ విననివాళ్లకి కూడా విడిగా అర్థమయ్యేలానే రాశాను.

ముందు ఒక మాట సంగతి తేల్చుకుందాం. మన పాట్‌లక్‌ల్లో "మా ఆయన కొంచెం యాంటీసోషల్ అండీ, ఎవరింటికీ రారు" అనడం మనందరం విన్నదే. అక్కడ ఆ మాటకి అర్థం నలుగురిలో కలవని మనిషి అని. ఊళ్లో పేపర్ తెరిస్తే "అసాంఘిక కార్యకలాపాలు" అని ఉంటుంది. అందులో పేకాట నుంచి గంజాయి రవాణా దాకా అన్నీ వస్తాయి. ఇక సినిమాల్లో "సైకో" ఎలాగూ ఉన్నాడు. డాక్టర్లు యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నప్పుడు ఈ మూడింటిలో ఏదీ వాళ్ల ఉద్దేశం కాదు. ఎదుటివాళ్ల హక్కుల్ని ఏళ్ల తరబడి లెక్కచేయని ఒక తీరుకి అది పేరు. చట్టాన్ని పట్టించుకోకపోవడం, అబద్ధాలు, ముందువెనకలు చూడకపోవడం, కొట్లాటలు, ప్రమాదమంటే లక్ష్యం లేకపోవడం, బాధ్యత లేకపోవడం, చేసినదానికి పశ్చాత్తాపం లేకపోవడం: అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి పుస్తకం డీఎస్ఎమ్‌లో ఇలా ఏడు లక్షణాలు ఉన్నాయి. కనీసం మూడు కనబడాలి. మనిషికి 18 నిండాలి. వాటితోపాటు ఇంకో షరతు ఉంది: 15 ఏళ్లు రాకముందే ఆ పిల్లవాడిలో తీవ్రమైన ప్రవర్తన సమస్యలు మొదలైనట్టు ఆధారం ఉండాలి.

ఈ చివరి షరతే నాకు ఆసక్తి కలిగించింది. పెద్దవాళ్లకి వచ్చే రోగానికి చిన్నప్పటి సాక్ష్యం ఎందుకు అడుగుతారు? ఆ షరతు వెనక రెండు వందల ఏళ్ల గొడవ ఉంది. మన పెద్దవాళ్లు ఆ గొడవని రెండు సామెతల్లో చెప్పేశారు. ఒకటి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. రెండోది, మొక్కై వంగనిది మానై వంగునా. మొదటి సామెతకి ఆశ లేదు. రెండోదానికి కాస్త ఉంది గానీ, అది తొందరపెడుతుంది. ఈ రెండిట్లో ఏది ఎంత నిజమో చరిత్రలో వెతుకుదాం.

మతి చెదరని పిచ్చి

కథ పారిస్‌లో మొదలవుతుంది. ఫిలిప్ పినెల్ అనే డాక్టరు 1793లో బిసెత్ర్ ఆసుపత్రిలో చేరాడు. ఆ రోజుల్లో పిచ్చి అంటే మతి భ్రమించడం. లేనివి ఉన్నాయనుకోవాలి, తానెవరో మర్చిపోవాలి. కానీ పినెల్‌కి ఈ లెక్కలోకి రాని మనుషులు కనబడ్డారు. 1801లో ఆయన వేసిన పుస్తకంలో ఒక ఆస్తిపరుడి కథ ఉంది. అతన్ని తల్లి అడ్డూ అదుపూ లేకుండా ముద్దు చేసి పెంచింది. ఎదురు తిరిగితే కుక్కైనా గుర్రమైనా అతని చేతిలో చావాల్సిందే. అయినా తన ఆస్తి వ్యవహారాలు చక్కగా చూసుకునేవాడు, దానధర్మాలు కూడా చేసేవాడు. చివరికి తనని తిట్టిందన్న కోపంతో ఒక స్త్రీని బావిలోకి తోసేశాడు. కోర్టు అతన్ని జీవితాంతం బిసెత్ర్‌లో ఉంచమంది.

ఇతని ఆలోచనలో, జ్ఞాపకంలో ఏ లోపమూ లేదు. మరి ఏం పాడైంది? పినెల్ దీనికి "మానీ సాన్ దెలీర్" అని పేరు పెట్టాడు. మతి చెదరని పిచ్చి అనుకోవచ్చు. కథలో తల్లి పెంపకాన్ని ప్రత్యేకంగా చెప్పాడంటే, కారణం ఎక్కడుందో ఆయనకి ఒక అనుమానం ఉన్నట్టే.

దాదాపు అదే కాలంలో ఇక్కడ ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ ఇంకో దారి పట్టాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన డాక్టరు ఈయనే. 1812లో మనోవ్యాధుల మీద రాసిన పుస్తకంలో, కొందరిలో మంచి చెడులు తెలిసే శక్తే పుట్టుకతో లోపించి ఉండొచ్చని రాశాడు. అంటే పెంపకమా పుట్టుకా అన్న తగువు మొదట్లోనే మొదలైపోయింది.

1835లో బ్రిస్టల్ డాక్టరు జేమ్స్ కౌల్స్ ప్రిచర్డ్ దీన్ని "మోరల్ ఇన్సానిటీ" అన్నాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ కాలపు ఇంగ్లీషులో వైద్యులు మోరల్ అన్నప్పుడు అందులో మనసు, భావాలు, స్వభావం అన్నీ వచ్చేవి. ఆయన చెప్పినవాళ్లలో చాలామంది, ఈ రోజు చూస్తే, తీవ్రమైన దిగులుతోనో ఉద్రేకంతోనో బాధపడేవాళ్లు. కానీ పేరు జనంలోకి వెళ్లాక దాన్ని "నీతి లేని పిచ్చి" అని చదువుకున్నారు. వైద్యుడు పెట్టిన పేరు తీర్పరి చేతిలో పడింది. అక్కడి నుంచి రెండు ప్రశ్నలు కలిసిపోయాయి: ఈ మనిషికి ఏమైంది? ఈ మనిషిని మనం ఏం చేద్దాం? మొదటిది వైద్యం, రెండోది పాలన. ఈ రెండూ కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు నలిగారు.

నెత్తురులో నేరం

1876లో ఇటలీలో చెజారె లొంబ్రోజో నేరస్తుడి మీద తన ప్రసిద్ధమైన పుస్తకం వేశాడు. నేరగాళ్లలో కొందరు అలా పుట్టినవాళ్లేనని, పుర్రె, దవడ, చెవుల ఆకారం చూసి పోల్చవచ్చని వాదించాడు. యూరప్ అంతా దాని మీద చర్చించింది.

ఇక్కడ మన వైపు తిరగక తప్పదు. ఎందుకంటే అదే ఆలోచన భారతదేశంలో అప్పటికే చట్టమై కూర్చుంది. లొంబ్రోజో పుస్తకానికి 5 ఏళ్ల ముందు, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే నేరం కూడా వస్తుందన్నది దాని వెనక వాదన. దీనికి పుర్రెలు కొలవాల్సిన పని కూడా లేదు. ఫలానా కులంలో పుడితే చాలు. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. పేర్లు నమోదు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయించుకోవడం, అనుమతి లేకుండా ఊరు దాటకూడదనడం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం, అన్నీ అందులో ఉన్నాయి.

ఆ చట్టం కింద పడినవాళ్లలో మన ఎరుకల వాళ్లు ఉన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి నడిపిన సెటిల్‌మెంట్ అది. అంతకు ముందు ఎరుకల వాళ్లలో చాలా కుటుంబాలు కోస్తా నుంచి లోపలి ఊళ్లకి పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి అమ్ముకునేవి. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. ఊరూరా తిరిగే మనిషికి పని పోతే అతను పోలీసు కళ్లకి "తిరుగుబోతు"గా కనబడ్డాడు. బతుకుతెరువు పోయిన కథని నెత్తురులో దోషంగా రాసుకున్నారన్నమాట.

స్వతంత్రం వచ్చాక 1952లో కేంద్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. పేరు మాత్రం పోలేదు. 1991లో వచ్చిన "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" నుంచి 2023లో వచ్చిన "టైగర్ నాగేశ్వరరావు" దాకా ఆ ఊరు మన తెరమీద దొంగల ఊరే. జాషువా గారి అమ్మాయి హేమలత, ఆమె భర్త లవణం గారు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి చేసిన సంస్కరణ పని గురించి ఎంతమందికి తెలుసు? అంతకన్నా పెద్ద సాక్ష్యం ఒకటుంది. నేరం నెత్తురులోనే ఉంటే మనవళ్లు, మునిమనవళ్లు కూడా అలాగే ఉండాలి. చదువు, భూమి, ఉద్యోగం అందినచోట ఆ నెత్తురు టీచర్లని, ఉద్యోగుల్ని కన్నది.

అగస్టా డాక్టరు, 1952 పుస్తకం

మళ్లీ అమెరికాకి వద్దాం. 1941లో జార్జియాలోని అగస్టాలో పనిచేసే హెర్వీ క్లెక్లీ "ది మాస్క్ ఆఫ్ శానిటీ" అనే పుస్తకం రాశాడు. ఆయన వర్ణించిన సైకోపాత్‌లు సినిమా సైకోలు కారు. మాటకారులు, తెలివైనవాళ్లు, మొదటి పరిచయంలో చాలా ఇష్టమయ్యేవాళ్లు. కానీ ప్రేమ, సిగ్గు, పశ్చాత్తాపం అనే మాటలకి వాళ్లలో బరువు ఉండదు. ఉద్యోగాలు చేతులారా పోగొట్టుకుంటారు, అప్పులు ఎగ్గొడతారు, అదే తప్పు మళ్లీ చేస్తారు. చాలామంది హింస జోలికే పోరు. ఇలాంటి గుణాలు వ్యాపారుల్లో, డాక్టర్లలో కూడా ఉండొచ్చని ఆయన రాశాడు. నేరానికీ ఈ లోపానికీ మధ్య గీత గీసిన పుస్తకం అది.

ఆ గీత ఎక్కువ కాలం నిలవలేదు. 1952లో డీఎస్ఎమ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో "సోషియోపాతిక్ పర్సనాలిటీ" అనే శీర్షిక కింద సంఘవ్యతిరేక ప్రవర్తన ఉన్నవాళ్లతో పాటు, తాగుడికీ మత్తుమందులకీ బానిసలైనవాళ్లని, స్వలింగ సంపర్కుల్ని కూడా పెట్టారు. తారీఖు చూడండి. ఇండియాలో పుట్టుకని బట్టి నేరస్తులనే చట్టం పోయిన ఏడాదే, ఇక్కడ ఎవరికీ హాని చేయని మనుషుల్ని సంఘానికి సరిపడరన్న లెక్కన రోగుల జాబితాలోకి ఎక్కించారు. స్వలింగ సంపర్కం రోగం కాదని అదే సంఘం ఒప్పుకోవడానికి 1973 దాకా పట్టింది.

సెయింట్ లూయిస్‌లో పాత ఫైళ్లు

ఇప్పుడు ఈ వ్యాసానికి అసలు మనిషి దగ్గరికి వచ్చాం. లీ రాబిన్స్ అనే సోషియాలజిస్ట్ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసేవారు. ఆ ఊళ్లో 1920ల్లో నడిచిన ఒక పిల్లల క్లినిక్ ఫైళ్లు ఆమె చేతికొచ్చాయి. దొంగతనం చేసినవాళ్లు, ఇంట్లోంచి పారిపోయినవాళ్లు, బడి ఎగ్గొట్టినవాళ్లు, ఇంకా రకరకాల సమస్యలతో వచ్చినవాళ్లు: మొత్తం 524 మంది పిల్లల రికార్డులు. అదే ఊళ్లో ఏ సమస్యా లేని 100 మంది పిల్లల్ని పోల్చడానికి తీసుకున్నారు. ఆ పిల్లలందరూ 30 ఏళ్ల తర్వాత ఏమయ్యారో ఒక్కొక్కర్నే వెతికి పట్టుకున్నారు. దొరికినవాళ్లతో మాట్లాడారు, పోలీసు రికార్డులు, ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. కంప్యూటర్లు లేని కాలంలో ఎంత ఓపిక కావాలో ఊహించండి. 1966లో ఆ ఫలితాలు "డీవియంట్ చిల్డ్రన్ గ్రోన్ అప్" అనే పుస్తకంగా వచ్చాయి.

ఆమె కనుక్కున్నదాన్ని రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. రెండూ కలిపి గుర్తు పెట్టుకోవాలి. ఒకటి: పెద్దయ్యాక ఈ రోగలక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ చిన్నప్పుడే తీవ్రమైన ప్రవర్తన సమస్యలు ఉన్నాయి. రెండు: చిన్నప్పుడు అలాంటి సమస్యలు ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా తయారు కాలేదు.

వెనక్కి చూస్తే దారి ఒక్కటే కనబడుతుంది. ముందుకి చూస్తే చాలా దారులున్నాయి. రాబిన్స్ లెక్కలో ఏదో ఒక్క తప్పు కన్నా, ఎన్ని రకాల సమస్యలు ఎంత తీవ్రంగా ఉన్నాయన్నదే ముఖ్యమైంది. ఇంట్లో తండ్రి ఎలాంటివాడన్నది ముఖ్యమైంది. పేదవాడలో పెరగడం ఒక్కటే పెద్ద కారణంగా తేలలేదు.

1980లో డీఎస్ఎమ్ మూడో కూర్పు తయారైనప్పుడు, 15 ఏళ్లలోపు చరిత్ర ఉండాలన్న షరతు ఈ పని నుంచే వచ్చింది. నేను చూసే తీరులో అది రోగికి ఒక రక్షణ. పెద్దయ్యాక ఒక నేరం చేసినంత మాత్రాన, ఒక ఉద్యమంలో జైలుకెళ్లినంత మాత్రాన, పాలకులకి నచ్చనంత మాత్రాన ఈ ముద్ర వేయకూడదు. ఆ మనిషి బతుకంతా చూడాలి. అలాగే 18 నిండని పిల్లవాడికి ఎవరూ ఈ పేరు పెట్టకూడదు. పిల్లలకి వాడేది కాండక్ట్ డిజార్డర్ అన్న వేరే పేరు.

పోయిన నెల ఒక శ్రోత నుంచి మెయిల్ వచ్చింది. పదమూడేళ్ల కొడుకు రిపోర్టులో ఆ రెండు మాటలు చూసి, రాత్రంతా ఇంటర్నెట్‌లో చదివి, "మా వాడు రేపు సైకో అవుతాడా" అని అడిగారు. అమ్మా, మీకు జవాబు రాబిన్స్ రెండో వాక్యంలో ఉంది. మొదటి వాక్యాన్ని మాత్రం చదివి ఆగిపోకండి.

జన్యువా, ఇల్లా?

మూలాల సంగతి ఇంకా మిగిలింది. 1944లో లండన్‌లో జాన్ బౌల్బీ 44 మంది పిల్ల దొంగల గురించి ఒక పరిశోధన అచ్చు వేశాడు. వాళ్లలో 14 మంది ఎవరి మీదా ప్రేమ కనబడని పిల్లలు. ఆ 14 మందిలో 12 మంది పసితనంలోనే తల్లికి చాలాకాలం దూరమైనవాళ్లు. పోలిక కోసం తీసుకున్న 44 మంది ఇతర పిల్లల్లో అలా దూరమైనవాళ్లు ఇద్దరే. చిన్న లెక్కే, లోపాలూ ఉన్నాయి. కానీ పసిపిల్లల్ని ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో ఎలా చూడాలన్న ఆలోచన మారడానికి బౌల్బీ పని దారి తీసింది.

ఇక పుట్టుక వైపు సాక్ష్యం కూడా గట్టిదే. కవల పిల్లల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన 51 అధ్యయనాల్ని 2002లో కలిపి చూస్తే, సంఘవ్యతిరేక ప్రవర్తనలో మనుషుల మధ్య తేడాలకి వారసత్వం వాటా సుమారు 41 శాతంగా తేలింది. మిగతాదంతా పరిసరాలది. 41 శాతం అంటే ఒక మనిషి గుణంలో 41 పాళ్లు తాతగారివని కాదు, జనాభాలో కనబడే తేడాల లెక్క మాత్రమే.

అదే ఏడాది న్యూజీలాండ్‌లోని డనీడిన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. 1972–73లో అక్కడ పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం అది. మావో-ఏ అనే జన్యువు ఒక రూపంలో ఉన్న మగపిల్లలు చిన్నప్పుడు హింసకి గురైతే, పెద్దయ్యాక హింసాత్మకంగా మారే అవకాశం ఎక్కువగా కనబడింది. అదే జన్యువు ఉండి మంచిగా పెరిగినవాళ్లలో అంత తేడా లేదు. విత్తనం ఒక్కటే పంటని తేల్చదని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

డనీడిన్ పిల్లల్ని చూసే టెర్రీ మాఫిట్ 1993లో ఇంకో తేడా చూపించింది. కొద్దిమందిలో ఈ ప్రవర్తన పసితనంలో మొదలై జీవితాంతం సాగుతుంది. చాలామందిలో టీనేజ్‌లో మొదలై టీనేజ్‌తోనే తగ్గుతుంది.

ముద్ర బరువు

ఇదంతా పుస్తకాల గొడవ అనుకునేవాళ్లకి టెక్సస్ ఉదాహరణ చెప్తాను. థామస్ బేర్‌ఫుట్ అనే అతను ఒక పోలీసుని చంపిన కేసులో దోషి. అక్కడి చట్టం ప్రకారం మరణశిక్ష వేయాలంటే, అతను మళ్లీ హింస చేస్తాడా అని జ్యూరీ తేల్చాలి. జేమ్స్ గ్రిగ్‌సన్ అనే సైకియాట్రిస్టు బేర్‌ఫుట్‌ని ఒక్కసారి కూడా పరీక్ష చేయకుండా, లాయరు చెప్పిన వివరాలు విని, నూటికి నూరు శాతం మళ్లీ చేస్తాడని సాక్ష్యం చెప్పాడు. ఇలాంటి దీర్ఘకాలపు జోస్యాలు మూడింట రెండు తప్పుతాయని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకి రాసి ఇచ్చింది. 1983లో కోర్టు అయినా ఆ సాక్ష్యం చెల్లుతుందంది. 1984లో బేర్‌ఫుట్‌కి మరణశిక్ష అమలైంది. గ్రిగ్‌సన్‌ని 1995లో సంఘం బయటికి పంపింది. బేర్‌ఫుట్ దోషే కావచ్చు. కానీ ఏమైందన్న ప్రశ్నకి డాక్టరు మనిషిని చూడకుండానే జవాబు చెప్పాడు, ఏం చేద్దామన్న ప్రశ్నకి ఆ జవాబునే వాడుకున్నారు.

ఇంకో లెక్క. 12 దేశాల జైళ్ల సర్వేల్ని కలిపి 2002లో లాన్సెట్ పత్రికలో వేసిన పరిశోధనలో, మగ ఖైదీల్లో 47 శాతానికి ఈ రోగనిర్ధారణ సరిపోయింది. జైల్లో దాదాపు సగంమందికి సరిపోయే చొక్కా అది. చేసిన పనుల్ని బట్టి పేరు పెడితే అలాగే అవుతుంది. అందుకే వాంకూవర్‌లో రాబర్ట్ హేర్, క్లెక్లీ చెప్పిన గుణాల ఆధారంగా 20 అంశాల కొలబద్ద విడిగా తయారుచేశాడు. దాని ప్రకారం సైకోపాత్ అనిపించుకునే ఖైదీలు ఇంతకన్నా చాలా తక్కువమంది. ఈ రెండు పేర్లూ ఒకటి కావు, ఎవరైనా కలిపేసి మాట్లాడితే ఆపి అడగండి.

మరి సామెతల సంగతి? పుడకలతో గానీ పోదన్నది చాలామంది విషయంలో తప్పని రాబిన్స్ ఫైళ్లు చూపించాయి, స్టూవర్టుపురం చూపించింది. మొక్కగా ఉన్నప్పుడే వంచాలన్నదానికి బలం ఉంది గానీ, వంచే పద్ధతి కర్రతో కాదు. కొట్టి పెంచడం కారణాల జాబితాలో ఉంది, మందుల జాబితాలో లేదు. బ్రిటన్‌లో 2009లో వచ్చిన నైస్ మార్గదర్శకాలు ఈ రోగానికి అలవాటుగా మందులు ఇవ్వొద్దన్నాయి. చిన్నపిల్లల్లో సమస్య కనబడితే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వమన్నాయి. సియాటిల్‌లో కరోలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ మొదలుపెట్టిన "ఇంక్రెడిబుల్ ఇయర్స్" అలాంటిదే. పిల్లవాడితో రోజూ కాసేపు ఆడటం, మంచి పని చేసినప్పుడు వెంటనే గుర్తించడం, హద్దులు కొద్దిగా పెట్టి వాటిని మాత్రం మార్చకుండా నిలబెట్టడం నేర్పిస్తారు. ఇవి మన అమ్మమ్మలకి కొత్త కాదు. కాకపోతే రెండు ఉద్యోగాల ఇంట్లో, చుట్టాలు లేని దేశంలో, నేర్పేవాళ్లు కావాలి.

వింటున్నవాళ్లలో ఇలాంటి మనిషి చేతిలో దెబ్బలు తింటున్నవాళ్లు, మోసపోతున్నవాళ్లు కూడా ఉంటారు. మీకు చెప్పేది వేరు. అతని చిన్నతనం మీద జాలి ఉండొచ్చు, కానీ దానికోసం మీరు ఆ ఇంట్లో ఉండాల్సిన పని లేదు. ఎందుకిలా అయ్యాడన్నది చరిత్ర తేల్చుకుంటుంది. మీ భద్రత ఈ రోజు సంగతి.

వచ్చే ఎపిసోడ్‌లో బౌల్బీ కథ విడిగా చెప్పుకుందాం. అంతవరకూ సెలవు.